ఖాతా బంద్: ఉద్దెర పుస్తకం నుంచి క్రెడిట్ కార్డ్ దాకా

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న మెసేజ్ గురించి. "మా రిస్క్ పాలసీ ప్రకారం మీ క్రెడిట్ కార్డ్ అకౌంట్ మూసేశాం." రెండు లైన్లు కూడా ఉండదు. కారణం అడిగితే కస్టమర్ కేర్‌లో "సర్, అది ఇంటర్నల్ డెసిషన్" అంటరు. మీలో మస్తు మంది అడిగేది ఒక్కటే ప్రశ్న: "అన్నా, నేను ఒక్క బిల్లు కూడా లేట్ చేయలే. మరి నా కార్డ్ ఎందుకు బంద్ చేసిన్రు?"

టైమ్‌కి కట్టనోడి కార్డ్ బంద్ అయితే అందులో పెద్ద కథ లేదు. ఏడాది పాటు వాడని కార్డ్ బంద్ అయినా అర్థం చేసుకోవచ్చు. టైమ్‌కి కట్టినోడి ఖాతా బంద్ కావడమే అసలు కథ. దానికి జవాబు మీ యాప్‌లో దొరకదు, చరిత్రలో దొరుకుతది. ఆ చరిత్రలో పెద్ద ముక్క మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనే ఉంది. కాబట్టి ఇక్కడి నుంచే మొదలు పెడదాం. మధ్యలో లండన్ పోయి మళ్లీ వెనక్కి వద్దాం.

ఉద్దెర, మిత్తి, నాగు

క్రెడిట్ అనే మాటకు మన దగ్గర ఎప్పటి నుంచో ఒక మాట ఉంది: ఉద్దెర. వడ్డీకి మిత్తి. గింజలు అప్పు తీసుకుని గింజల్లోనే పెంచి తిరిగి కొలిస్తే అది నాగు. వస్తువు పెట్టి తెచ్చుకుంటే కుదువ. ఒక్క అప్పుకే ఇన్ని మాటలు ఉన్నాయంటే, అది జనం బతుకులో ఎంత లోతుకు పోయిందో చూడండి. ఇప్పటికీ ఏ కిరాణం కొట్టుకు పోయినా "ఉద్దెర అడగొద్దు" అని ఒక బోర్డు కనిపిస్తది. దాని కిందనే కౌంటర్ మీద ఉద్దెర పుస్తకం కూడా కనిపిస్తది. అది వేరే విషయం.

నిజాం కాలంలో ఊరికి బ్యాంక్ అంటే సావుకారే. అతని దగ్గర క్రెడిట్ స్కోర్ లేదు గానీ డేటా మాత్రం ఉంది. ఎవరికి ఎన్ని ఎకరాలు, బావిలో నీళ్లు ఎన్ని మూరలు, ఎడ్లు ఎన్ని, ఇంట్లో పెండ్లీడు పిల్లలు ఎందరు, అన్నీ అతని నోటి మీదే ఉండేవి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, మొత్తం డేటాబేస్ ఒక్క మనిషి తలకాయలో ఉండేది. కానీ రీడ్ యాక్సెస్ అతనికి మాత్రమే. అప్పు తీసుకున్న రైతు వేలిముద్ర వేస్తడు, పుస్తకంలో ఏం రాసి ఉందో చదవలేడు.

ఆదిలాబాద్‌లో ఇది ఇంకా దారుణంగా ఉండేది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయిన తర్వాత, అసలు గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తను పంపింది. మార్లవాయిలో ఉండి ఆయన రాసిన దాంట్లో మెయిన్ విషయం భూమి: అడవి శాఖ వల్ల, బయట నుంచి వచ్చినోళ్ల వల్ల గోండుల చేతిలోంచి భూమి పోవడం. అందులో అప్పు కూడా ఒక దారి. లెక్క చదవలేని మనిషికి అప్పు ఎప్పుడు తీరిందో కూడా తెలియదు.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. 1349 ఫస్లీలో, అంటే 1939–40 ప్రాంతంలో, హైదరాబాద్ రాజ్యంలో వడ్డీ వ్యాపారుల చట్టం వచ్చింది. లైసెన్స్ ఉండాలి, లెక్కలు రాయాలి అని రూల్. ఆ రూల్ ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఆలోచించండి. అప్పు ఇచ్చినోడి పుస్తకంలో నా గురించి ఏం రాసి ఉందో నాకు తెలియాలి అనే డిమాండ్ అప్పటి నుంచే ఉంది. దీన్ని గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడతది.

ఇప్పుడు అసలు పాయింట్. సావుకారు ఉద్దెర ఎప్పుడు బంద్ చేసేవాడు? ఒక్క రైతు కట్టకపోతే ఆ రైతుకే బంద్. కానీ వాన పడని ఏడాది? ఊరంతటికీ బంద్. ఎందుకంటే ఆ సావుకారు కూడా పట్నంలో ఇంకో పెద్ద సేటు దగ్గర తెచ్చి ఇచ్చేవాడే. పంట రాకపోతే తన డబ్బు తిరిగి రాదని అతనికి భయం. పదేళ్లు పైసా ఆపకుండా కట్టిన రైతు వచ్చినా "ఈ ఏడాది లేదు" అనే మాటే. సరిగ్గా అవసరం ఎక్కువ ఉన్న ఏడాదే ఆ తలుపు మూసుకునేది.

అంటే ఖాతా బంద్ కావడానికి రెండు కారణాలు ఉంటయ్. ఒకటి, నీ మీద నమ్మకం పోవడం. రెండు, ఇచ్చేవాడికే భయం పట్టడం. ఈ రెండోది నీ చేతిలో ఉండదు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ రెండో కారణం గురించే.

ముల్కనూరు ఏం చేసింది?

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత రిజర్వ్ బ్యాంక్ 1951–52లో దేశమంతా గ్రామీణ రుణాల మీద ఒక పెద్ద సర్వే చేయించింది. పల్లెల్లో తీసుకున్న ప్రతి 100 రూపాయల అప్పులో దాదాపు 70 రూపాయలు వడ్డీ వ్యాపారుల దగ్గర నుంచే అని తేలింది. సహకార సంఘాల నుంచి 3 రూపాయల చిల్లర. కమర్షియల్ బ్యాంకుల నుంచి రూపాయి కూడా లేదు.

ఆ లెక్క వచ్చిన కొన్నేళ్లకే, 1956లో, అప్పటి కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి దగ్గర ముల్కనూరులో ఒక సహకార గ్రామీణ బ్యాంక్ పెట్టారు. మొదలు పెట్టింది అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి. చుట్టుపక్కల 14 ఊళ్లను కలిపి ఒక్క సంఘం చేశారు. ఆ మండలం ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది గానీ, పాత కరీంనగర్ వాళ్లెవరిని అడిగినా ముల్కనూరు పేరు చెప్తరు.

ఇది ఎందుకు ముఖ్యం అంటే, ముల్కనూరు కేవలం అప్పు ఇచ్చి ఊరుకోలేదు. విత్తనాలు, ఎరువులు ఇచ్చింది. పంట కూడా తనే కొన్నది. రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు పెట్టుకుంది. పంట అమ్మిన డబ్బులోంచే అప్పు జమ చేసుకుంది. అంటే అప్పు ఇచ్చేవాడి భయాన్ని తగ్గించే దారి వెతికింది. "ఈ మనిషి కడతడా?" అని ఒక్కటే అడగకుండా, "ఈ మనిషి కట్టగలిగేటట్టు మనమేం చేయాలె?" అని కూడా అడిగింది. పైగా సభ్యుడే ఓనర్. పుస్తకంలో ఏముందో అడిగే హక్కు అతనికి ఉంది.

అయితే ముల్కనూరులు ఊరూరా పుట్టలేదు. 1969 జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేశాక బ్రాంచులు పల్లెల దాకా వచ్చినయ్. అప్పుడు కూడా బ్యాంకులో అప్పు అంటే పట్టాదారు పాస్ పుస్తకం, జమానతు, మేనేజర్ సంతకం. ఏ పూచీ లేకుండా, కేవలం నీ ఆదాయం చూసి, నీ పేరు మీద ఇచ్చే అప్పు సామాన్యుడికి ఇంకా దూరమే.

కార్డ్ వచ్చింది, దాంతోపాటు స్కోర్ వచ్చింది

ఇక్కడ మన తెలుగోళ్లకు ఒక చిన్న గర్వం. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంక్, 1981లోనే క్రెడిట్ కార్డ్ తెచ్చింది. దేశంలో కార్డులు ఇచ్చిన మొదటి కొన్ని బ్యాంకుల్లో అది ఒకటి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది.

క్రెడిట్ కార్డ్ అంటే ఏంది? బ్యాంక్ ముందే ఒక లిమిట్ ఇస్తది. వాడుకుంటే అప్పు, లేకపోతే లేదు. సావుకారు దగ్గరకు పోయిన ప్రతిసారీ అడగాలి, కార్డ్‌కు ఒక్కసారే అడగాలి. కాబట్టి బ్యాంక్‌కు భయం కూడా వేరే రకం. తన ముందు కూర్చోని మనిషి రేపు ఎంత వాడుతడో దానికి తెలియదు. అందుకే సావుకారు తలకాయలో ఉన్న డేటాబేస్‌ను కంప్యూటర్‌లోకి తేవాల్సి వచ్చింది.

2000లో సిబిల్ మొదలైంది. 2004లో జనాల అప్పుల రికార్డులు సేకరించడం స్టార్ట్ అయింది. 2005లో క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం వచ్చింది. 300 నుంచి 900 దాకా ఒక నంబర్. సావుకారు ఒక్క ఊరికే తెలుసు, ఈ నంబర్ దేశంలో ప్రతి బ్యాంక్‌కు తెలుసు.

అదే టైమ్‌లో ప్రైవేట్ బ్యాంకులు మాల్స్‌లో, పెట్రోల్ బంకుల దగ్గర టేబుల్ వేసుకొని కార్డులు ఇచ్చినయ్. "లైఫ్‌టైమ్ ఫ్రీ" అన్నరు. 2008 మార్చి నాటికి దేశంలో దాదాపు 2 కోట్ల 75 లక్షల కార్డులు ఉన్నాయి.

2008: భయం మొదలైంది

ఇప్పుడు లండన్ పోదాం. బ్రిటన్‌లో ఎగ్ అని ఒక ఇంటర్నెట్ బ్యాంక్ ఉండేది. దాన్ని 2007లో అమెరికా సిటీగ్రూప్ కొన్నది. కొన్న తర్వాత కస్టమర్ల లిస్ట్ మొత్తం మళ్లీ చెక్ చేసింది. 2008 ఫిబ్రవరిలో ఒక్క దెబ్బకు 1,61,000 మంది కార్డులు బంద్ చేస్తున్నట్టు చెప్పింది. మొత్తం కస్టమర్లలో అది దాదాపు 7 శాతం. "వీళ్ల రిస్క్ ప్రొఫైల్ దిగజారింది" అనేది కంపెనీ మాట. కానీ లెటర్ అందుకున్నవాళ్లలో చాలామంది పేపర్లకెక్కి, "మేం ప్రతి నెలా ఫుల్ బిల్లు కట్టేటోళ్లం" అన్నరు. "మా దగ్గర మిత్తి రావట్లేదు కాబట్టే మమ్మల్ని తీసేసిన్రు" అని వాళ్ల అనుమానం. కంపెనీ ఒప్పుకోలేదు. ఏది నిజమైనా, ఒక్కొక్కరికీ అసలు కారణం ఏందో తెలుసుకునే దారి మాత్రం సరిగ్గా లేదు.

అమెరికాలో ఇంకో విచిత్రం. అదే 2008లో అట్లాంటాలో ఒక వ్యాపారి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లిమిట్ 10,800 డాలర్ల నుంచి 3,800కి పడిపోయింది. కంపెనీ చెప్పిన కారణాల్లో ఒకటి ఏందంటే, అతను ఈ మధ్య కార్డ్ వాడిన షాపుల్లో కార్డ్ వాడిన మిగతావాళ్లు బాకీలు సరిగ్గా కట్టడం లేదంట! అంటే నువ్వు ఏ షాప్‌లో కొంటే ఆ షాప్ కస్టమర్ల చరిత్ర నీకు అంటుకుంటది. ఇది ఎంత పెద్ద గొడవైందంటే, 2009లో అమెరికా తెచ్చిన క్రెడిట్ కార్డ్ చట్టంలో, ఇట్లా లిమిట్ తగ్గించే పద్ధతి మీద రిపోర్ట్ ఇవ్వాలని అక్కడి సెంట్రల్ బ్యాంక్‌ను ఆదేశించారు. 2009 ఫిబ్రవరిలో అదే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కొందరు కస్టమర్లకు ఇంకో ఆఫర్ ఇచ్చింది: బాకీ మొత్తం కట్టి అకౌంట్ మూసుకుంటే 300 డాలర్ల ప్రీపెయిడ్ కార్డ్ ఇస్తాం అని. పొమ్మని పైసలిచ్చి పంపడం అన్నట్టు!

మరి మన దగ్గర? 2 కోట్ల 75 లక్షల కార్డులు, 2010 మార్చి నాటికి 1 కోటి 83 లక్షలకు దిగినయ్. రెండేళ్లలో దాదాపు 90 లక్షల కార్డులు మాయం. అందులో వాడకుండా పడి ఉన్నవి ఉన్నాయి, బాకీ ఎగ్గొట్టినవి ఉన్నాయి, కస్టమర్లే మూసుకున్నవి కూడా ఉన్నాయి. కానీ పెద్ద కారణం బ్యాంకులు వెనక్కి తగ్గడమే. 2008 నంబర్‌ను మళ్లీ దాటడానికి 2017 దగ్గర పడింది. దాదాపు తొమ్మిదేళ్లు.

2010: ఒక రాష్ట్రం ఖాతానే బంద్

ఇప్పటిదాకా చెప్పింది కార్డ్ ఉన్నోళ్ల కథ. కార్డ్ లేనోళ్లకు జరిగింది దీనికన్నా చాలా పెద్దది. అది మన దగ్గరే జరిగింది.

2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మైక్రో ఫైనాన్స్‌కు దేశంలోనే అడ్డా అయింది. ఎస్‌కేఎస్, స్పందన, షేర్, అస్మిత... కంపెనీలు వాడవాడకూ వచ్చినయ్. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే అమ్మలు, సిరిసిల్లలో మరమగ్గాల ఇండ్లు, మంచిర్యాల వైపు కూలీ పని చేసేటోళ్లు, ఇట్లాంటి ఇండ్లే వీళ్ల మార్కెట్. పద్ధతి సింపుల్. ఐదుగురు మహిళలు ఒక గ్రూప్. పూచీ ఏమీ అక్కర్లేదు, ఒకరికి ఒకరు పూచీ. వారం వారం కిస్తీ, 50 వారాలు. ఎవరైనా కట్టకపోతే మిగతా నలుగురు కట్టాలి.

మిత్తి లెక్క ఒకసారి చూడండి. 10,000 తీసుకుంటే 12.5 శాతం ఫ్లాట్ అన్నరనుకోండి. 50 వారాల్లో 11,250 కట్టాలి, అంటే వారానికి 225. వినడానికి తక్కువే. కానీ వారం వారం అసలు కూడా కడుతున్నరు కదా, సగటున చేతిలో ఉండేది సగం డబ్బే. అంటే అసలు రేటు దాదాపు 25 శాతం. ఇది మన మిత్తి లెక్కలో నూటికి రెండు రూపాయల పైనే.

మరి జనం ఎందుకు తీసుకున్నరు? సేటు దగ్గర అయితే నూటికి మూడు, ఐదు. ఇంకా పెద్ద కారణం, ఈ లోన్ పూర్తిగా కడితే దీనికన్నా పెద్ద లోన్ వస్తది. ఆ ఆశ మీదనే మొత్తం సిస్టమ్ నడిచింది. కంపెనీలు 98, 99 శాతం రికవరీ అని గొప్పగా చెప్పుకున్నయ్.

తర్వాత ఏమైంది? ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు లోన్లు ఇచ్చినయ్. ఒకటి కట్టడానికి ఇంకోటి. కిస్తీ రోజు ఇంటి ముందు కూర్చోవడం, నలుగురిలో పరువు తీయడం, ఆత్మహత్యల వార్తలు. 2006లోనే కృష్ణా జిల్లాలో కలెక్టర్ కొన్ని బ్రాంచులు మూయించిన గొడవ జరిగింది. అయినా ఎవరూ స్పీడ్ తగ్గించలే. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌లో లిస్ట్ అయింది. ఇక్కడ ఆత్మహత్యల వార్తలు, అక్కడ ఐపీఓ సంబురం. ఈ రెండూ పక్కపక్కన పేపర్లో కనిపిస్తే జనానికి కోపం రాకుండా ఉంటదా?

2010 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. జిల్లా జిల్లాకూ రిజిస్టర్ చేసుకోవాలి, వసూళ్లు గ్రామ పంచాయతీ ఆఫీస్ లాంటి పబ్లిక్ ప్లేస్‌లోనే చేయాలి, వారం కిస్తీ బదులు నెల కిస్తీ, మొత్తం మిత్తి అసలును దాటొద్దు, స్వయం సహాయక సంఘం సభ్యురాలికి ఇంకో లోన్ ఇవ్వాలంటే పర్మిషన్ కావాలి. వేధిస్తే జైలు. 2011లో అది చట్టమైంది.

ఆ రూల్స్ పెట్టడానికి కారణం ఉంది. ఇంటి ముందుకు వచ్చి పరువు తీసే వసూళ్లను ఆపాల్సిందే, అందులో డౌట్ లేదు. కానీ దాంతో జరిగిన ఇంకో పని కూడా చూడాలి. కొత్త లోన్ రాదని తెలిసింది. కొత్త లోన్ ఆశ మీద నడిచే సిస్టమ్‌లో ఆ ఆశే పోతే పాత కిస్తీ ఎవరు కడతరు? వసూళ్లు 99 శాతం నుంచి 10 శాతం దగ్గరకు పడిపోయినయ్. అది చూసి బ్యాంకులు మైక్రో ఫైనాన్స్ కంపెనీలకు డబ్బు ఆపినయ్. కంపెనీలు జనానికి ఆపినయ్. పాత కథే: పట్నం సేటు ఆపితే, ఊరి సావుకారు ఆపిండు.

మస్తు మంది అక్కలు ఆ నెల దాకా ఒక్క వారం కూడా తప్పకుండా కట్టినవాళ్లే. వాళ్ల ఖాతా కూడా బంద్. వాళ్ల స్కోర్ ఎంత, చరిత్ర ఏంది అని ఎవరూ చూడలే. వాళ్ల రిస్క్ ప్రొఫైల్ ఒకే ఒక్క లైన్: రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్. అట్లాంటా వ్యాపారికి షాప్ పేరు అంటుకుంది. వీళ్లకు రాష్ట్రం పేరు అంటుకుంది.

ఇంకా ఆశ్చర్యం ఏందంటే, ఈ దెబ్బ రాష్ట్రం బయటికి కూడా పోయింది. ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు దీని మీద స్టడీ చేశారు. వేరే రాష్ట్రాల్లో కొన్ని జిల్లాలు ఉన్నాయి, అక్కడ గొడవ లేదు, ఆర్డినెన్స్ లేదు. కానీ అక్కడ లోన్లు ఇచ్చే కంపెనీలకు మన రాష్ట్రంలో పెద్ద మొత్తంలో డబ్బు ఇరుక్కుపోయింది. అట్లాంటి జిల్లాల్లో కూడా లోన్లు తగ్గిపోయినయ్. వాటితోపాటు కూలి రేట్లు, ఇంటి ఖర్చులు కూడా తగ్గినయ్ అని వాళ్లు చూపించారు. అంటే అప్పే తీసుకోని కూలీ మనిషి మీద కూడా దెబ్బ పడింది. ఎందుకంటే అప్పు తెచ్చి చిన్న పని నడిపే మనిషి పని తగ్గించుకుంది, కూలీని పిలవలేదు.

మరి మన దగ్గర తలుపు మూసుకున్నాక జనం ఎటు పోయిన్రు? అవసరం ఆగదు కదా. దవాఖాన ఖర్చు ఆగదు, కాలేజీ ఫీజు ఆగదు. బ్యాంక్ లింకేజీ ఉన్న సంఘాల వాళ్లకు కొంత ఆసరా దొరికింది. మిగతావాళ్లకు బంగారం కుదువ, చిట్టీలు, మళ్లీ అదే సేటు. పదేళ్ల తర్వాత, 2020 లాక్‌డౌన్‌లో ఉద్యోగాలు పోయినప్పుడు, ఈసారి సేటు ఫోన్‌లోకే వచ్చిండు. ఇన్‌స్టంట్ లోన్ యాప్‌లు. కాంటాక్ట్స్ లాక్కొని అందరికీ మెసేజ్‌లు పెట్టడం, ఫోటోలు మార్ఫ్ చేయడం. 2020 డిసెంబర్‌లో తెలంగాణలో ఆత్మహత్యలు, అరెస్టులు మీ అందరికీ గుర్తుండే ఉంటయ్. 2010లో ఇంటి ముందు కూర్చున్నోడే 2020లో వాట్సాప్‌లో కూర్చున్నడు.

2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంక్ దగ్గర రిజిస్టర్ అయిన ఫైనాన్స్ కంపెనీలకు ఆ 2011 చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కంపెనీలు మళ్లీ ఇటు చూడటం మొదలు పెట్టినయ్. పన్నెండేళ్లు పట్టింది.

ఇప్పుడు మీ కార్డ్ సంగతి

సరే, ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. టైమ్‌కి కట్టినా కార్డ్ ఎందుకు బంద్ అయితది?

దేశంలో కార్డులు 2024 ఫిబ్రవరిలో 10 కోట్లు దాటినయ్. అంతకు ముందే, 2023 నవంబర్ 16న, రిజర్వ్ బ్యాంక్ ఒక పని చేసింది. పూచీ లేని అప్పులు మరీ స్పీడ్‌గా పెరుగుతున్నయని, బ్యాంకుల క్రెడిట్ కార్డ్ బాకీల రిస్క్ వెయిట్‌ను 125 నుంచి 150 శాతానికి పెంచింది. ఇది మనకెందుకు? లెక్క చూడండి. బ్యాంక్ తన అప్పులకు కనీసం 9 శాతం సొంత పెట్టుబడి పక్కన ఉంచాలి. 1 లక్ష కార్డ్ బాకీకి 125 శాతం వెయిట్ ఉంటే 11,250 రూపాయలు. 150 అయితే 13,500. మీరు ఏమీ మారలేదు. మీ జీతం అదే, మీ స్కోర్ అదే. కానీ మిమ్మల్ని ఉంచుకోవడం బ్యాంక్‌కు ముందుకన్నా ఖరీదైంది.

ఇంకో విషయం. కార్డ్ తీసుకునేటప్పుడు ఎవరూ చదవకుండా "ఐ అగ్రీ" నొక్కే అగ్రిమెంట్‌లో, "మేం ఎప్పుడైనా, ముందు చెప్పకుండా రద్దు చేయవచ్చు" అని ఒక లైన్ ఉంటది. అది ఊరికే పెట్టింది కాదు. బేసెల్ అనే అంతర్జాతీయ బ్యాంక్ రూల్స్‌ను మన దగ్గర ఎట్లా పెట్టారంటే, నోటీస్ లేకుండా ఎప్పుడైనా రద్దు చేయగలిగే లిమిట్ అయితే, మీరు వాడని భాగానికి బ్యాంక్ పెట్టుబడి ఉంచాల్సిన పని లేకుండా చాలా ఏళ్లు నడిచింది. ఆ లైన్ లేకపోతే అంత ఈజీగా 3 లక్షల లిమిట్ ఇవ్వరు. అంటే ఈజీగా ఇవ్వడం, ఈజీగా లాక్కోవడం ఒకే లైన్‌లో ఉన్నాయి.

లోపల నడిచేది కూడా పెద్ద మాయ కాదు. నేను ఐటీలో పని చేసిన రోజుల్లో ఇట్లాంటి రూల్ ఇంజిన్లు చూశా. ఇఫ్, ఎల్స్. ఈ మధ్య ఎక్కువ లోన్లకు అప్లై చేసిండా? వేరే కార్డులు నిండా వాడుతున్నడా? మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నడా? పని చేసే రంగంలో ఉద్యోగాలు పోతున్నయా? థ్రెషోల్డ్ 60 ఉంటే మీరు సేఫ్. పైన మీటింగ్‌లో ఎవరో దాన్ని 70 చేస్తే మీరు అవుట్. మీ మార్కులు మారలే, పాస్ మార్క్ మారింది.

మరి మన చేతిలో ఏముంది?

1349 ఫస్లీ చట్టం గుర్తుందా? అప్పు ఇచ్చేవాడి పుస్తకం చూసే హక్కు. దాని మనవరాళ్లు లాంటి రూల్స్ ఇప్పుడు ఉన్నాయి. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి. రిజర్వ్ బ్యాంక్ కార్డుల రూల్స్ ప్రకారం, కార్డ్ బ్లాక్ చేసినా, రద్దు చేసినా, కారణంతో సహా మీకు వెంటనే ఎస్ఎంఎస్, ఈమెయిల్ లాంటి వాటిలో చెప్పాలి. లిమిట్ తగ్గించినా చెప్పాలి. ఏడాదికి పైగా వాడని కార్డ్ మూసే ముందు మీకు తెలియజేసి 30 రోజులు టైమ్ ఇవ్వాలి. "ఇంటర్నల్ డెసిషన్" అంటే ఆ రూల్ పేరు చెప్పి, రాతపూర్వకంగా కారణం అడగండి.

రెండు. దేశంలో నాలుగు క్రెడిట్ బ్యూరోలు ఉన్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2017 నుంచి ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒక ఫుల్ రిపోర్ట్ మీకు ఫ్రీగా ఇవ్వాలి. మీది కాని లోన్ మీ పేరు మీద ఉందా, తీరిన బాకీ ఇంకా ఉన్నట్టు చూపిస్తుందా, చెక్ చేయండి. తప్పు ఉంటే కంప్లైంట్ పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రూల్ ఉంది.

మూడు. ముందు బ్యాంక్‌కే కంప్లైంట్ ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. హెల్ప్‌లైన్ 14448. ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. "ఈ కస్టమర్ మాకు వద్దు" అనేది బ్యాంక్ వ్యాపార నిర్ణయం. దాన్ని అంబుడ్స్‌మన్ మార్చలేడు. కానీ చెప్పకుండా మూయడం, బ్యూరోకు తప్పు రాయడం, లేని బాకీ అడగడం, వీటి మీద మీకు బలం ఉంది.

నాలుగు. కార్డ్ బంద్ అయితే దెబ్బ వేరే చోట కూడా పడతది. రెండు కార్డులు, ఒక్కోటి లక్ష లిమిట్, 40 వేలు వాడుతున్నరనుకోండి. వాడకం 20 శాతం. ఒకటి బంద్ అయితే అదే 40 వేలు 40 శాతం అయితది. స్కోర్ తగ్గొచ్చు. అప్పుడు రెండో బ్యాంక్ రూల్ ఇంజిన్ కూడా మిమ్మల్ని చూస్తది. అందుకే మెసేజ్ వచ్చిన వెంటనే రెండో కార్డ్ బాకీ తగ్గించుకోండి. ఆటో పేలో ఉన్న బిల్లులు మార్చుకోండి. బంద్ అయిన కార్డ్ మీద పాత బాకీ ఉంటే కట్టడం మాత్రం ఆపొద్దు, అది మీ రికార్డ్‌కే ఎక్కుతది.

ఐదు, అన్నిటికన్నా ముఖ్యం. లిమిట్‌ను మీ ఎమర్జెన్సీ ఫండ్ అనుకోకండి. 2008లో, 2010లో, 2020లో చూసినం కదా. భయం పట్టినప్పుడు అందరి తలుపులూ ఒకేసారి మూసుకుంటయ్. ఆ రోజు ఫోన్‌లో ఐదు నిమిషాల్లో లోన్ ఇస్తా అనే యాప్ మాత్రం తెరిచే ఉంటది. ఒక నెల ఖర్చంత డబ్బు సేవింగ్స్ అకౌంట్‌లో ఉంటే, ఆ యాప్ జోలికి పోయే పని పడదు.

ఖాతా బంద్ అయిందంటే మీరు తప్పు చేసినట్టే అని అనుకోకండి, ఇంట్లో వాళ్లను కూడా అట్ల అననివ్వకండి. కారణం అడగండి, రిపోర్ట్ తీయండి, రాసి ఉంచుకోండి. అమ్మకు, పిన్నికి డ్వాక్రా సంఘం లోన్ గానీ, మైక్రో ఫైనాన్స్ లోన్ గానీ ఉంటే, వాళ్ల రిపోర్ట్ కూడా ఒకసారి మీరే కూర్చొని చూపించండి. పుస్తకంలో ఏం రాసి ఉందో మన తాతలు చదవలేకపోయిన్రు. మనకు చదువు వచ్చు, ఫోన్ కూడా చేతిలోనే ఉంది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో చిట్టీల చరిత్ర చెప్పుకుందాం. అప్పటిదాకా ఉంటా, నమస్తే.